ముఖ్యమంత్రిని దించిన బస్సు మన పల్లె దాకా ఎందుకు రాలేదు?

(ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దు పల్లెల కూలీలు, యువకులు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఒక పూట కూలి పోగొట్టుకుని ఇక్కడికొచ్చి కూచున్న తల్లులకు ముందుగా నా దండాలు. ఆ పూట కూలి విలువ నాకు తెలుసు కాబట్టి పనికొచ్చే మాటలే చెప్తాను.

నన్ను మాట్లాడమన్న విషయం 'శాసనసభ్యులు, మంత్రులు, రవాణా విధానం'. పేరు వింటే ఆఫీసు కాగితంలా ఉంది. దీనికీ మనకీ ఏం సంబంధం అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. అయితే ఒక్క ప్రశ్న అడుగుతాను. మీరు మిరపకాయ కోతకు దేంట్లో పోతున్నారు? పత్తి తీతకు దేంట్లో పోతున్నారు? ఆరుగురు కూచోవాల్సిన ఆటోలో పదిహేను మంది. లేకపోతే ట్రాక్టరు తొట్టి. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరపకాయలు కోసి ఇంటికి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభానికి గుద్దుకుంది. పొద్దున అన్నం క్యారేజీతో పోయినవాళ్ళు సాయంత్రానికి శవాలై వచ్చారు. దాన్ని పేపర్లు ప్రమాదం అని రాశాయి. నేను దాన్ని రవాణా విధానం అంటాను. ఎవరికి బస్సు వేయాలి, ఎవర్ని తొట్టిలో వదిలేయాలి అని ఎక్కడో ఎవరో నిర్ణయిస్తున్నారు. ఆ నిర్ణయం చేసే కుర్చీ కథే ఇవాళ చెప్పుకుందాం.

ముందు ఒక్క వంద సంవత్సరాలు వెనక్కి పోదాం. అప్పుడు మన గుంటూరు మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ కాలంలో బస్సు సంగతి దేవుడెరుగు, రోడ్డు మీద నడవడానికే మనకు హక్కు లేదు. మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ అనే మన మనిషి ఉండేవాడు. తర్వాత బాబాసాహెబ్ అంబేడ్కర్ తో కలిసి లండన్ రౌండ్ టేబుల్ సమావేశాలకు పోయింది ఈయనే. 1924లో ఈయన మండలిలో ఒక తీర్మానం పెట్టాడు. రోడ్లు, వీధులు, బావులు, చెరువులు, సర్కారు ఆఫీసులు ఏ కులం వాళ్ళకైనా సమానమే అన్నది దాని సారాంశం. సభ దాన్ని ఆమోదించింది. ఆ తర్వాత ప్రైవేటు బస్సులొచ్చాయి. బస్సుల్లో మనల్ని ఎక్కనివ్వలేదు. అప్పుడు రామనాడు జిల్లా బోర్డు అధ్యక్షుడు సౌందరపాండియన్, అంటరానివాళ్ళని ఎక్కించుకోని బస్సు లైసెన్సు రద్దు చేస్తానని ఆర్డరు వేశాడు. లైసెన్సు పోతుందనేసరికి మైల కూడా పోయింది!

దీంట్లో మనం పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. బస్సు ఎక్కే హక్కు మనకు బస్సు యజమాని దయ వల్ల రాలేదు. చట్టసభలో కూచున్న మనిషి నోరు విప్పితే, లైసెన్సు ఇచ్చే చేతికి వెన్నెముక ఉంటే వచ్చింది. కాబట్టి ఆ కుర్చీలో ఎవరు కూచుంటారు, ఎవరి కోసం సంతకం పెడతారు అన్నది మనకు అన్నం ముద్దంత ముఖ్యం.

ఇప్పుడు అసలు కథలోకొస్తాను. ఇది నీలం సంజీవరెడ్డి గారి కథ. ఆయన్ని మీరు రాష్ట్రపతిగా ఎరుగుదురు. పిల్లల పుస్తకాల్లో బొమ్మ ఉంటుంది. కానీ ఆయన రాజకీయ జీవితం బస్సు చుట్టూ ఎట్లా తిరిగిందో ఆ పుస్తకాల్లో రాయరు. 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టాడు. 1946లో మద్రాసు శాసనసభకు వెళ్ళాడు. ఆంధ్ర రాష్ట్రంలో ఉపముఖ్యమంత్రి అయ్యాడు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడితే మొదటి ముఖ్యమంత్రి ఆయనే.

అప్పటికి తెలంగాణ వైపు సర్కారు బస్సులున్నాయి. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన సంస్థ అది. మన కోస్తాలో, సీమలో మాత్రం బస్సులన్నీ ప్రైవేటువే. ఎవరివి ఆ బస్సులు? కాలవల కింద పంటలు పండించి, ఆ మిగులుతో రైసు మిల్లులు, సినిమా హాళ్ళు పెట్టిన కులాలవే. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద ఒక రూటుకి పర్మిట్ సంపాదిస్తే అది పది ఎకరాల మాగాణితో సమానం. పర్మిట్ మాగాణి, ప్రయాణీకుడు పంట. డ్రైవరు, క్లీనరు యజమాని ఇంటి పాలేరు లాంటివాళ్ళు. ఇష్టముంటే పని, లేకపోతే 'రేపట్నుంచి రావొద్దు'.

1956లో కేంద్రం ఆ చట్టానికి కొత్త అధ్యాయం చేర్చింది. సర్కారు రవాణా సంస్థ ఏదైనా ప్రాంతంలో బస్సులు తానే నడపాలనుకుంటే ఒక స్కీము ప్రకటించాలి. అభ్యంతరాలు చెప్పుకోడానికి 30 రోజులు గడువు. ప్రభుత్వం ఆ అభ్యంతరాలు విని స్కీముని ఖాయం చేయాలి. ఖాయమైతే ప్రైవేటు పర్మిట్లు రద్దు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ, అంటే మన ఆర్టీసీ పుట్టింది. ముందుగా కృష్ణా జిల్లా రూట్ల మీద పడ్డారు.

యజమానులు ఊరుకుంటారా? గుళ్ళపల్లి నాగేశ్వరరావు అనే బస్సు యజమాని, ఆయనతో పాటు మరికొందరు సుప్రీంకోర్టుకి పోయారు. 1958 నవంబరులో తీర్పొచ్చింది. అభ్యంతరాలు విన్నదేమో శాఖ కార్యదర్శి, నిర్ణయం రాసిందేమో ముఖ్యమంత్రి. మాట విన్నవాడు ఒకడూ, తీర్పు చెప్పేవాడు ఇంకొకడూ అయితే ఇక వినడం దేనికని కోర్టు అడిగింది. ఆ స్కీము కొట్టేసింది. ఈ తీర్పు రాసిన జడ్జి కోకా సుబ్బారావు, మన తెలుగాయనే. లా కాలేజీల్లో ఇవాళ్టికీ ఈ కేసు చెప్తారు. అప్పుడు సంజీవరెడ్డి తానే కూచుని అభ్యంతరాలు విన్నాడు. యజమానులు మళ్ళీ కోర్టుకి పోయారు గానీ 1959లో స్కీము నిలిచింది. కృష్ణా జిల్లాలో సర్కారు బస్సు తిరిగింది. ఇది మంచి పని. సంజీవరెడ్డి ఏ కులంవాడు, ఏ పార్టీవాడు అన్నది పక్కన పెట్టి, మంచిని మంచి అనే చెప్పుకోవాలి.

ఇక్కడ ఇంకో మనిషిని తలుచుకోవాలి. పేర్లు రెండూ దగ్గరగా ఉంటాయి, బతుకులే దూరం. దామోదరం సంజీవయ్య గారు. కర్నూలు దగ్గర పెద్దపాడులో మాల ఇంట్లో పుట్టి, లా చదివి, 1955లో బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో రవాణా, వాణిజ్య పన్నుల శాఖలు చూశాడు. సంజీవరెడ్డి కాంగ్రెసు అధ్యక్షుడుగా ఢిల్లీ వెళ్తే, 1960 జనవరి 11న సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యాడు. ఆర్టీసీ పుట్టిన రోజుకి సరిగ్గా రెండేళ్ళు. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. ముసలివాళ్ళకు పింఛను, లంచగొండుల మీద ఏసీబీ, పేదలకు బంజర్ల పంపకం ఆయన కాలంలోనివే. ఎన్నాళ్ళున్నాడు? రెండేళ్ళ రెండు నెలలు. 1962 ఎన్నికల్లో గెలిచి కూడా కుర్చీ ఖాళీ చేయాల్సొచ్చింది. సంజీవరెడ్డి ఢిల్లీ నుంచి తిరిగొచ్చి ఆ కుర్చీలో కూచున్నాడు. సంజీవయ్య గారిని కాంగ్రెసు అధ్యక్షుణ్ణి చేసి ఢిల్లీ పంపారు. ఆయన మీద ఏ సుప్రీంకోర్టూ తీర్పు రాయలేదు. ఏ రూటు కేసులోనూ ఆయన దొరకలేదు. అయినా దిగాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండోసారి వచ్చిన సంజీవరెడ్డి కాలంలో జాతీయం చేయాల్సిన జిల్లాల వరుస మారింది. తర్వాత రావాల్సిన కర్నూలు వంతు ముందుకొచ్చింది. అది కూడా జిల్లా మొత్తం కాదు, పడమటి సగం. అక్కడి బస్సు యజమానులు సుప్రీంకోర్టుకి పోయి ఏమన్నారు? 'ఇది ప్రజల కోసం చేస్తున్నది కాదు. ఆ పక్క బస్సులున్నవాళ్ళం ఎన్నికల్లో ముఖ్యమంత్రి ముఠాకు ఎదురు నిలబడ్డాం. ఆ కక్షతో మా నోటి దగ్గర కూడు లాగేస్తున్నాడు' అన్నారు. ఇంత పెద్ద ఆరోపణకు ముఖ్యమంత్రి తన పేరు మీద ఒక ప్రమాణ పత్రం దాఖలు చేసి కాదనలేదు. అధికారుల కాగితాలే వచ్చాయి. ఆరోపణ ఎదుటి మనిషి మీద ఉంటే జవాబు ఆ మనిషే చెప్పాలి కదా! 1964 మొదట్లో కోర్టు ఆ స్కీముని కొట్టేసింది. అధికారాన్ని దురుద్దేశంతో వాడినట్టు తేల్చింది.

కోర్టు ఆయన్ని రాజీనామా చెయ్యమనలేదు. ఆయనే చేశాడు. 1964 ఫిబ్రవరిలో కుర్చీ దిగాడు. ఇవాళ కేసుల మీద కేసులున్నా కుర్చీలు పట్టుకు వేళ్ళాడేవాళ్ళని చూస్తున్నాం కాబట్టి ఆ రాజీనామాకు ఒక దండం పెట్టొచ్చు. ఆయన తర్వాత ముఖ్యమంత్రి ఎవరయ్యారు? మన నరసరావుపేట ప్రాంతపు కాసు బ్రహ్మానందరెడ్డి గారు. 1971 దాకా ఆయనే. మరి దిగిన సంజీవరెడ్డి ఏమయ్యాడు? నాలుగు నెలల్లో కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి. 1966 జనవరిలో కేంద్ర రవాణా మంత్రి! బస్సులు, ఓడలు, విమానాలు అన్నీ ఆయన కిందే. సగం జిల్లా రూట్ల దగ్గర జారిపడిన మనిషికి దేశం మొత్తం రవాణా అప్పజెప్పారు. ఆ తర్వాత లోక్ సభ స్పీకరు, 1977లో రాష్ట్రపతి. తప్పు తేలినా కొందరికి మెట్లు పైకే ఉంటాయి. తప్పు లేకపోయినా కొందరికి మెట్లు రెండేళ్ళకే అయిపోతాయి. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో నేను చెప్పాలా? మీకు తెలుసు.

అయితే నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఒక్క ముఖ్యమంత్రి గుణగణాలు కాదు. ఈ మూడు కేసుల కాగితాలు తిరగేయండి. వాది ఎవరు? బస్సు యజమాని. ప్రతివాది ఎవరు? ప్రభుత్వం, ఆర్టీసీ. అభ్యంతరం ఎవరిది? యజమానిది. నష్టం ఎవరిది? యజమానిది. మరి బస్సు ఎక్కేవాడు ఎక్కడున్నాడు? ఎక్కాలని ఉండీ బస్సు రాని పల్లెవాడు ఎక్కడున్నాడు? ఎక్కడా లేడు. కర్నూలు పడమటి పల్లెల్లో ఉన్న మాల, మాదిగ, బోయ, కురుబ కూలీకి బస్సు కావాలా వద్దా అని ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. పోట్లాట రెండు ముఠాల మధ్య. బస్సు వాళ్ళ చేతిలో కర్ర.

ఇప్పుడు ఆ పడమటి కర్నూలు సంగతి చూడండి. ఆదోని, ఆలూరు, కోసిగి, మంత్రాలయం, పత్తికొండ. ఆ పేర్లు మీకు పుస్తకంలోవి కావు. ప్రతి ఏడూ మిరప కోతలకు మన చేలల్లో గుడారాలేసుకుని దిగే జనం ఆ ఊళ్ళవాళ్ళే. వాళ్ళు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఊళ్ళో తాళాలేసి, బడి పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని, లారీల్లో, వ్యానుల్లో గొర్రెల్లాగా నిలబడి వస్తారు. వాళ్ళ రూట్ల కోసం సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం నడిచింది, ఒక ముఖ్యమంత్రి కుర్చీ పోయింది. అరవై ఏళ్ళు దాటినా ఆ జనం కోత కాలానికి లారీ మీదే వస్తున్నారు. మనమేమో వాళ్ళని చూసి కూలి రేటు పడిపోతుందని గొణుక్కుంటాం. వాళ్ళు మన శత్రువులు కారు తమ్ముళ్ళారా. వాళ్ళు లారీలో, మనం తొట్టిలో.

అట్లాగని ఆర్టీసీ మనకేం చెయ్యలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మూడు పనులు చేసింది.

ఒకటి, సీటు. టిక్కెట్టుకి కులం లేదు. ముందొచ్చినవాడు ముందు కూచుంటాడు. ఇది చిన్న విషయమని మాత్రం అనుకోవద్దు. 1985లో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర పశువుల కుడితి కడుగుతుంటే అడ్డం చెప్పినందుకు ఆరుగుర్ని చంపారు. 1991లో చుండూరులో గొడవ ఎక్కడ రాజుకుంది? సినిమా హాల్లో, ఎదుటి సీటుకి కాలు తగిలిందని! ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. పక్క పక్క సీట్లలో సమానంగా కూచోవడాన్నే వాళ్ళు ఓర్వలేకపోయారు. అట్లాంటి నేల మీద రోజుకి లక్షల మంది భుజం భుజం ఆనించుకుని కూచునే చోటు ఆర్టీసీ బస్సు.

రెండు, ఉద్యోగం. ప్రైవేటు యజమాని దగ్గర రిజర్వేషన్ లేదు. సర్కారు సంస్థ అయ్యాక రోస్టరు వచ్చింది. మన పల్లెల్లోంచి డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు వచ్చారు. నెల జీతం వచ్చిన ఇంట్లో పిల్ల చదివింది, టీచరయ్యింది, నర్సయ్యింది. కూలి కోసం దొర గడప తొక్కాల్సిన పని లేని మొదటి ఇళ్ళు అవి. ఊళ్ళో ఏదైనా అన్యాయం జరిగితే ముందు నోరెత్తేది కూడా ఆ ఇళ్ళే.

మూడు, పాసు. బడి పిల్లల బస్సు పాసు లేకపోతే హైస్కూలు గడప తొక్కని ఆడపిల్లలు నా క్లాసులోనే ఎంతోమంది.

ఇప్పుడీ మూడింటికీ ఏం జరుగుతోంది? 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది, యాభై వేలకు పైగా మంది, ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. సంతోషం. ఇంకో పక్కన అద్దె బస్సులు నడుస్తున్నాయి. పైన ఆర్టీసీ బోర్డు, లోపల బస్సు యజమానిది, డ్రైవరు యజమాని మనిషి. కిలోమీటరుకింత అని సంస్థ కడుతుంది. 2022లో తిరుపతిలో మొదలుపెట్టిన విద్యుత్ బస్సులు కూడా ఇదే పద్ధతి, బస్సూ డ్రైవరూ కంపెనీవే. బస్సుకి పొగ లేకపోవడం మంచిదే. కానీ డ్రైవరు సీట్లో రోస్టరు కూడా లేకుండా పోతోంది. 1958లో ముందు తలుపు నుంచి దింపిన యజమానిని వెనక తలుపు నుంచి ఎక్కిస్తున్నారు. ఈసారి ఏ ముఖ్యమంత్రీ సుప్రీంకోర్టులో జవాబు చెప్పాల్సిన పని లేదు, ఎందుకంటే ఈసారి ఫిర్యాదు చేయాల్సింది యజమాని కాదు, మనం. మనం ఎప్పుడు చేశాం గనక!

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్ ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. మంచి పథకం. గుంటూరు ఆసుపత్రికి పోయే ముసలమ్మకు ఆ డబ్బులు మిగిలాయి. అయితే నేను అడిగేది ఇది. తెల్లవారుజామున అయిదింటికి మిరప చేలోకి పోవాల్సిన మనిషికి తొమ్మిదింటికొచ్చే బస్సు ఉచితమైతే ఏం లాభం? బస్సు ఊరి సెంటర్లో, గుడి ముందు ఆగి వెనక్కి తిరిగిపోతే, కిలోమీటరు దూరాన డొంక చివర ఉన్న మాదిగపల్లె పిల్ల చీకట్లో ఊరంతా దాటి నడవాల్సిందేనా? ఉచితం అన్న మాట బస్సు ఉన్నచోటే పనిచేస్తుంది.

మరి ఏం చెయ్యాలి? ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి ఇంటికి పోతే నేను వచ్చిన పని కాదు. నాలుగు పనులు చెప్తాను, రాసుకోండి.

మొదటిది. చదువుకున్న పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టండి. పదిహేను రోజులు, ఏ బస్సు ఎన్నింటికొచ్చింది, రావాల్సింది రాలేదా, ఎక్కడ ఆగింది, ఎంతమంది ఆటో ఎక్కారు, అన్నీ రాయండి. డిపో మేనేజరు ముందు ఏడిస్తే వినడు, లెక్క పెడితే వింటాడు.

రెండోది. ఆ లెక్కతో గ్రామసభలో తీర్మానం చేయించండి. పల్లె దాకా స్టాపు, కోత నెలల్లో తెల్లవారుజామున ఒక ట్రిప్పు, బస్సు తిరగడానికి డొంక రోడ్డు వెడల్పు. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ గాలిలో మాట. సమాచార హక్కు చట్టం కింద మన రూటు ట్రిప్పులెన్ని, డిపోలో ఎస్సీ ఖాళీలెన్ని, అద్దె బస్సులెన్ని అని అడగండి. బస్సు యజమానికి ఆనాడు అభ్యంతరం చెప్పుకోడానికి 30 రోజులిచ్చారు. ఈ చట్టం కింద మనకు జవాబు చెప్పడానికి వాళ్ళకు 30 రోజులే గడువు.

మూడోది. మిరప కోతకు ముఠా కట్టేటప్పుడు కూలి రేటు ఒక్కటే మాట్లాడి ఊరుకోవద్దు. ఏ బండిలో తీసుకుపోతారు, ఎంతమందిని ఎక్కిస్తారు అన్నది కూడా ముందే మాట్లాడండి. ముఠా మేస్త్రిని కూడా దీంట్లో నిలదీయండి. తొట్టి ఎక్కం అని పది ముఠాలు కలిసి అంటే రైతు వ్యాను పంపుతాడు. కాయ చెట్టు మీద ఎండిపోతుంటే ఎన్నాళ్ళు ఆగుతాడు?

నాలుగోది. బస్సులోగానీ, ఆటోలోగానీ, రోడ్డు మీదగానీ కులం పేరుతో అడ్డం పెడితే దాన్ని ఊళ్ళో రాజీకి వదలొద్దు. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో అందరూ ఎక్కే వాహనం, అందరూ నడిచే దారి దళితుడికి అడ్డగించడం నేరమని రాసి ఉంది. మన వీధిలో సైకిలు, మోటారు సైకిలు ఎక్కనివ్వకపోవడం కూడా నేరమే. 1924లో శ్రీనివాసన్ తీర్మానంగా అడిగింది ఇవాళ శిక్ష పడే చట్టం. వాడితేనే అది చట్టం.

ఎమ్మెల్యే మన పల్లెకు వచ్చినప్పుడు పూలదండ వేయకముందే అడగండి. 'అయ్యా, రవాణా పద్దు మీద సభలో ఎన్నిసార్లు మాట్లాడారు? మా రూటు పేరు ఒక్కసారైనా ఎత్తారా?' మన సీటు నుంచి గెలిచిన మన కులం ఎమ్మెల్యేనైనా ఇదే అడగండి. మొహమాటపడొద్దు. సంజీవయ్య గారు రవాణా శాఖ చూశాడని గర్వపడటం మన హక్కు. ఆ శాఖ నుంచి మన పల్లెకు రావాల్సింది రాబట్టడం మన పని.

వచ్చే అమావాస్య లోపల నోటుపుస్తకాలు నింపి తీసుకురండి. నాగులుప్పలపాడు ట్రాక్టరు మీద పోయిన మన అక్కచెల్లెళ్ళ పేరు మీద మొదటి అర్జీ ఇద్దాం.

జై భీమ్!